'ముందు మన కథలు' అనే వాయిదా

"పిల్లలకు ముందు మన కథలు. ప్రపంచ సాహిత్యం సంగతి పెద్దయ్యాక చూసుకోవచ్చు." నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయంటే ఏదో ఒక వేదిక మీద ఈ మాట వినిపించి తీరుతుంది. ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో వినిపిస్తుంది, బాలసాహిత్య సభల్లో వినిపిస్తుంది. బడికి పుస్తకాలు కొనే కమిటీ ముందు జాబితా పెట్టినప్పుడు మరీ గట్టిగా వినిపిస్తుంది. జాబితాలో జపాన్ పుస్తకమో ఇరాన్ పుస్తకమో కనబడగానే ఎవరో ఒకరు పెన్ను తీసి గీత కొడతారు, మిగతావాళ్ళు తలూపుతారు.

ఈ అభిప్రాయం తప్పు. పిల్లలకు హాని చేసే తప్పు. అయితే ఇలా అనేవాళ్ళలో పిల్లల మేలు కోరేవాళ్ళే ఎక్కువ. అందుకని వాళ్ళ వాదాన్ని ముందు ఉన్నదున్నట్టు చెప్పాలి.

వాళ్ళు అనేది ఇది. తన ఊరు, తన మాట, తన మనుషులు పుస్తకంలో కనబడినప్పుడే పిల్లలకు చదువు మీద ప్రేమ పుడుతుంది. పేదరాశి పెద్దమ్మ ఎవరో తెలియని పిల్లకు సిండ్రెల్లా మాత్రమే తెలిస్తే అది నష్టమే. తెల్లవాళ్ళ కథలే గొప్పవనే భావం వలస పాలన మనకు అంటించి పోయింది, అది ఇంకా వదల్లేదు. పైగా ఆ పేర్లు, ఆ తిండి, ఆ మంచు మన పల్లెటూరి పిల్లలకు అర్థం కావు. అనువాదాల్లో భాష బిగుసుకుపోయి ఉంటుంది. వీటన్నిటికీ మించి, అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లలు బళ్ళ నిండా ఉంటే ప్రపంచ పుస్తకాల గురించి మాట్లాడటం కలిగినవాళ్ళ ముచ్చట.

ఈ మాటల్లో ప్రతి ఒక్కదాని వెనకా నిజమైన బాధ ఉంది. కానీ ఆ బాధలోంచి తీసిన తీర్మానం నిలవదు. ఎందుకు నిలవదో వరసగా చూద్దాం.

1. ఆ "తర్వాత" ఏ తరగతిలో వస్తుంది?

ముందు ఇది, తర్వాత అది అనేవాళ్ళు ఆ తర్వాత ఎప్పుడో కూడా చెప్పాలి. మన బడుల క్యాలెండరు తెలిసినవాళ్ళెవరూ చెప్పలేరు. మూడు, నాలుగు తరగతుల్లో "ఇంకా చిన్నపిల్లలు కదా" అంటారు. ఐదుకు వచ్చేసరికి గురుకులం, నవోదయ ప్రవేశ పరీక్షలు. ఆరో తరగతి నుంచి కార్పొరేట్ బళ్ళలో ఐఐటీ ఫౌండేషన్. తొమ్మిది పూర్తికాకుండానే పదో తరగతి సిలబస్. పదిలో పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్లిప్ టెస్ట్. ఇంటర్ హాస్టల్లో దిండు కింద కథల పుస్తకం దొరికితే వార్డెన్ తీసేసుకుంటాడు. ఇక ఆ పైన ఇంజనీరింగ్‌లో చేరిన కుర్రాడి చేతిలో టాల్‌స్టాయ్‌ని పెట్టి చదవమంటే ఎలా చదువుతాడు? పన్నెండేళ్ళుగా ఆ అలవాటే లేకుండా పెంచాం కదా.

కాబట్టి "తర్వాత" అనేది లేదు. ఉన్నది "వద్దు" ఒక్కటే, దానికి మర్యాదగా "తర్వాత" అని పేరు పెట్టారు.

సరే, ప్రపంచం సంగతి పక్కన పెడదాం. మన కథలైనా ఇస్తున్నామా? ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను చూసిన బీరువా గురించి చెప్పాలి. స్టాఫ్ రూము మూలన, పైన పాత పరీక్ష పేపర్ల కట్టల బరువుతో నిలబడి ఉంది. తాళం చెవి కోసం వెతకాల్సి వచ్చింది. లోపల తెనాలి రామకృష్ణ కథలు, మర్యాద రామన్న కథలు, పంచతంత్రం, స్వాతంత్ర్య సమరయోధుల జీవితాలు. అన్నీ కొత్తవే. ఒకదానికొకటి అతుక్కుపోయిన అట్టలు విడదీస్తుంటే చిటపటమన్నాయి. ప్రతి పుస్తకం మొదటి పేజీలో బడి ముద్ర, దాని పక్కన ఎర్ర సిరాతో నంబరు. స్టాక్ రిజిస్టరు తప్పు పట్టడానికి వీల్లేకుండా రాసి ఉంది. పిల్లలకు పుస్తకాలిచ్చిన రిజిస్టరు మాత్రం ఖాళీ. "పోతే మా జీతంలోంచి కట్టాలి కదండీ" అన్నారు బాధ్యత చూసే మాస్టారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. తనిఖీకి వచ్చేవాళ్ళు పుస్తకాలు ఎన్ని పోయాయో అడుగుతారు గానీ ఎన్ని చదివారో అడగరు.

ఆ బీరువాలో విదేశీ పుస్తకం ఒక్కటి కూడా లేదు. మన కథలు పిల్లలకు అందకుండా అడ్డం పడింది విదేశాలు కాదు. రెండు పుస్తకాల మధ్య పోటీ ఉన్నట్టూ, ఒకటి వస్తే ఇంకొకటి పోతుందన్నట్టూ మాట్లాడటమే ఈ వాదానికి మొదటి లోపం. చదివే పిల్ల రెండూ చదువుతుంది. చదవని పిల్ల రెండూ చదవదు.

2. మన కథలు నడిచి వచ్చిన దారి

పంచతంత్రం మనదే. మరి అది ఎక్కడెక్కడ తిరిగింది? 6వ శతాబ్దంలో పారశీక చక్రవర్తి ఖుస్రో అనుషిర్వాన్ ఆస్థానం నుంచి బుర్జోయ్ అనే వైద్యుడు వచ్చి దాన్ని పహ్లవీ భాషలోకి తీసుకెళ్ళాడు. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీలోకి "కలీలా వ దిమ్నా"గా మార్చాడు. మన కరటక దమనకులే ఆ కలీలా, దిమ్నా. అక్కణ్ణుంచి అది ఐరోపాలోని చాలా భాషలకు పాకింది. ఫ్రెంచి పిల్లలు ఇవాళ్టికీ బళ్ళో కంఠస్థం చేసే నీతికథలు రాసిన లా ఫాంటేన్, 1678లో వేసిన సంపుటంలో భారతీయ జ్ఞాని పిల్‌పేకి రుణపడ్డానని రాసుకున్నాడు. బాగ్దాదులోనూ పారిస్‌లోనూ "ముందు మన కథలు" అని తలుపు వేసుకుని ఉంటే, పంచతంత్రం ప్రపంచానికే దక్కిందని మనం ఇవాళ గొప్పగా చెప్పుకునేవాళ్ళమా?

మనవాళ్ళు మాత్రం తలుపు వేసుకున్నారా? తెలుగులో తొలి నవలల్లో ఒకటైన "రాజశేఖర చరిత్రము"ను కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవల "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్" స్ఫూర్తితో రాశారు. "సత్యరాజా పూర్వదేశ యాత్రలు" వెనక గలివర్ ఉన్నాడు. నండూరి రామమోహనరావు మార్క్ ట్వేన్‌ను తెచ్చి టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను మన పిల్లలకు దోస్తుల్ని చేశారు. స్టీవెన్సన్ నవల ఆయన చేతిలో "కాంచనద్వీపం" అయింది. ట్వేన్ రాసిన "రాజూ పేద" కథ 1954లో ఎన్టీఆర్ సినిమా అయితే ఊళ్ళకు ఊళ్ళు చూశాయి. అది పరాయి కథ అని లేచి వెళ్ళినవాళ్ళు ఉన్నారని నేనెక్కడా వినలేదు.

అన్నిటికన్నా ముఖ్యం చందమామ. మన బాల్యం అంటే చందమామే అని చెప్పి, అదే నోటితో "విదేశీ కథలు వద్దు" అనేవాళ్ళు ఆ పాత సంచికలు ఒకసారి తిరగేయాలి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికను కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి చనిపోయేదాకా నడిపించారు. "రూపధరుని యాత్రలు" పేరుతో ధారావాహికగా వచ్చింది హోమర్ ఒడిస్సీ. "భువనసుందరి" ఇలియడ్. అరేబియా రాత్రులు, చైనా కథలు, షేక్స్‌పియర్ నాటకాల కథలు, జాతక కథలు, బేతాళుడు అన్నీ అవే పేజీల్లో పక్కపక్కనే ఉన్నాయి. గుంటూరు జిల్లాలోనో కరీంనగర్‌లోనో రచ్చబండ మీద కూర్చున్న పదేళ్ళ పిల్లవాడు ఒంటికన్ను రాక్షసుడి గుహలోంచి గొర్రెల పొట్టల కింద దాక్కుని తప్పించుకున్న వీరుణ్ణి చూశాడు. వాడికి అది గ్రీకుదని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ తరం చెడిపోయిందా? ఆ తరంలోంచే మన కథకులు, మన ఉపాధ్యాయులు, ఇవాళ ఈ అభ్యంతరం చెప్తున్న పెద్దలు వచ్చారు. తాము తిన్న అన్నం తమ మనవలకు పెట్టనంటున్నారు.

3. అందరి ఇల్లూ ఒకటి కాదు

"తన జీవితం పుస్తకంలో కనబడాలి" అన్నది ఈ వాదంలో అన్నిటికన్నా నాకు నచ్చే మాట. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే అడుగుతున్నాను: "మన కథలు" అని మీరు కట్టిన మూటలో ఎవరి జీవితం ఉంది? రాజు, మంత్రి, పండితుడు, చతురుడైన విదూషకుడు. మంచిది. మరి పాడేరు కొండల్లో కోదు పిల్ల, ఉట్నూరులో గోండు పిల్లవాడు, ఊరి చివర వాడలోంచి బడికొచ్చే పిల్లలు అందులో ఎక్కడున్నారు? ఇంట్లో కువి మాట్లాడే పిల్లకు తెలుగు వాచకమే పరాయి పుస్తకం. ఆమె మీద "మన" అనే ముద్ర వేసి, ఇక బయటికి చూడనక్కర్లేదని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

చింగీజ్ ఐత్‌మాతోవ్ కిర్గిజ్ రచయిత. ఆయన "తొలి ఉపాధ్యాయుడు" సోవియట్ పుస్తకాల కాలంలోనే తెలుగులోకి వచ్చింది. 1924 ప్రాంతంలో కొండల మధ్య ఒక పల్లెకు దూయిషేన్ అనే యువకుడు వస్తాడు. చదువు ఆయనకే అంతంతమాత్రం. పాడుబడ్డ గుర్రపుశాలను బాగుచేసి బడి అంటాడు. ఊరివాళ్ళు నవ్వుతారు. చలికాలంలో గడ్డకట్టేంత చల్లగా పారే వాగును చిన్నపిల్లలు దాటలేకపోతే, ఒకణ్ణి వీపు మీద, ఇంకొకర్ని చేతుల్లో మోసుకుని దాటిస్తాడు. గుర్రాల మీద పోతున్న ధనికులు చూసి వెటకారం చేస్తారు. ఆల్తినాయ్ అనే అనాథ పిల్లను పిన్ని బలవంతంగా పెళ్ళికి అమ్మేస్తే ఆమె కోసం నిలబడి దెబ్బలు తింటాడు.

వానాకాలంలో వాగు పొంగితే బడికి పోలేని పిల్లలు ఆదిలాబాద్‌లోనూ అల్లూరి జిల్లాలోనూ ఇవాళ్టికీ ఉన్నారు. పిల్లల్ని భుజాన వేసుకుని వాగు దాటించే మాస్టార్ల ఫొటోలు ప్రతి ఆగస్టులో పేపర్లో వస్తాయి. పదో తరగతి కాకుండానే పెళ్ళి కుదిర్చేస్తున్నారని తోటి పిల్లల చేత టీచరుకు చీటీ పంపే అమ్మాయిలు ఉన్నారు. ఈ పిల్లలకు దగ్గరగా ఉన్నది ఏది? విజయనగర సభలో శ్లేష చమత్కారమా, కిర్గిజ్ కొండల్లో వాగు దాటించే మాస్టారా? తన జీవితం కనబడాలన్న సూత్రాన్ని నిజంగా నమ్మేవాళ్ళు మొట్టమొదట ఈ పుస్తకాన్నే చేతికివ్వాలి. అలెక్స్ హేలీ "రూట్స్"ను సహవాసి "ఏడు తరాలు"గా తెలుగు చేస్తే అది ఇన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ అచ్చవుతూ ఉండటానికి కారణం కూడా ఇదే. ఆఫ్రికా నుంచి గొలుసులతో ఈడ్చుకుపోయిన మనిషి కథలో తమ పూర్వీకులను చూసుకోగలిగినవాళ్ళు ఈ నేల మీద లక్షల్లో ఉన్నారు.

పిల్లల ఇల్లు ఎక్కడుందో ఊరి పేరును బట్టి తేలదు. ఒక్కోసారి అది వేరే దేశం పుస్తకంలో ముందుగా దొరుకుతుంది.

4. అర్థం కాదన్నది ఎవరికి?

"ఆ పేర్లు నోరు తిరగవు, ఆ తిండి తెలియదు" అంటారు. సాయంత్రం ఐదింటికి ఏ ఇంట్లోకైనా వెళ్ళి చూడండి. టీవీలో డోరేమాన్ తెలుగులో మాట్లాడుతూ ఉంటాడు. నోబితా, షిజుకా, జియాన్ పేర్లు నాలుగేళ్ళ పిల్ల తడుముకోకుండా చెబుతుంది. డోరాకేక్ అంటే ఏమిటో వాళ్ళమ్మకు తను వివరిస్తుంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఒక కొరియా పాటల బృందంలో ఏడుగురి పేర్లూ వరసగా చెబుతారు. సముద్రం చూడని అనంతపురం పిల్లలు హనుమంతుడు సముద్రం దాటితే అర్థం చేసుకున్నారు. మంచు చూడని పిల్లలకు కైలాసం అర్థమైంది. తెలియనిది ఊహించుకోవడం పిల్లలకు పుట్టుకతో వచ్చిన విద్య. కష్టమంతా పెద్దవాళ్ళది, దాన్ని తీసుకెళ్ళి పిల్లల మీద పెడుతున్నారు.

టెట్సుకో కురోయానాగి 1981లో జపాన్‌లో అచ్చువేసిన "టొట్టోచాన్" తెలుగులో "రైలుబడి"గా దొరుకుతుంది. అల్లరి ఎక్కువని ఒక బడి వెళ్ళగొట్టిన చిన్నపిల్లను, పాత రైలు పెట్టెల్లో నడిచే తొమోయే బడి చేర్చుకుంటుంది. హెడ్మాస్టరు కొబయాషి మొదటి రోజున ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు వింటాడు. ఆ బడిలో పిల్లలు తెచ్చుకునే డబ్బాలో సముద్రం నుంచి కొంత, కొండ నుంచి కొంత ఉండాలన్నది నియమం. ఏదైనా తక్కువైతే హెడ్మాస్టరు భార్య రెండు గిన్నెలతో తిరుగుతూ వడ్డిస్తుంది.

ఈ ఘట్టాన్ని ఒక ప్రభుత్వ బడి ఆరో తరగతిలో చదివి వినిపించినప్పుడు నేనున్నాను. మొదటి ప్రశ్న వెనక బెంచీ నుంచి వచ్చింది: "రైలుపెట్టెలో కూర్చోవాలంటే టికెట్టు తియ్యాలా?" ఆ తర్వాత గోల మొదలైంది. ఆ మధ్యాహ్నం పళ్ళేల్లో అన్నం, సాంబారు, కోడిగుడ్డు ఉన్నాయి. "ఉప్పు సముద్రంది" అన్నాడొకడు. "చింతపండు కొండది, మా తాత అరకు నుంచి తెస్తాడు" అంది ఇంకో పిల్ల. మరి గుడ్డు ఎక్కడిదన్న దాని మీద రెండు పార్టీలై వాదించుకున్నారు. చదివి వినిపించిన టీచరమ్మ ఆ వాదనను బోర్డు మీద రెండు గడులు గీసి రాయించారు. ఆ జపాన్ పుస్తకం వల్ల ఆ పిల్లలు తమ పళ్ళెంలోకి అంత శ్రద్ధగా చూశారు. పరాయి పుస్తకం తన ఇంటిని మరిపిస్తుందని భయపడేవాళ్ళు ఇలాంటి తరగతి ఒకటి చూడాలి.

5. వలస పాలన మాట

ఈ వాదానికున్న బలమైన అస్త్రం ఇదే. నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్‌గోజీ అడీచీ 2009లో చేసిన ప్రసంగాన్ని చాలామంది ఉదాహరిస్తారు. చిన్నప్పుడు తను బ్రిటిష్, అమెరికన్ పిల్లల పుస్తకాలే చదివిందట. ఏడేళ్ళ వయసులో కథలు రాయడం మొదలుపెడితే పాత్రలన్నీ తెల్లవాళ్ళే. మంచులో ఆడతారు, ఆపిల్ పళ్ళు తింటారు, ఎండ కాసిందని మురిసిపోతారు. ఆమె ఉన్నదేమో మంచన్నదే పడని ఎన్‌సుక్కాలో.

నిజమే, ఇది భయపడాల్సిన సంగతే. అయితే ఆమె చెప్పింది అంతటితో ఆగలేదు. ఆ పుస్తకాలను తను ప్రేమించానని, అవి కొత్త లోకాలు తెరిచాయని అదే ప్రసంగంలో చెప్పింది. చినువా అచేబేను, గినీ దేశపు కమారా లాయేను చదివాక తనలాంటివాళ్ళూ కథల్లో ఉండొచ్చని తెలిసిందని చెప్పింది. కమారా లాయే ఆమె దేశంవాడు కాదు, ఆమె భాష వాడు కాదు. ఆమెను కాపాడింది తలుపులు మూసుకోవడం కాదు, తన దేశపు పుస్తకంతో పాటు ఇంకో దేశం నుంచి వచ్చిన ఇంకో పుస్తకం. ఒకే చోటి కథలు చదవడం ప్రమాదమని ఆమె చెబితే, దాన్ని తీసుకొచ్చి "కాబట్టి మన ఒక్క చోటి కథలే చదవండి" అనడానికి వాడుకుంటున్నారు. ఇది తర్కం కాదు.

మన దుకాణాల్లో జరుగుతున్నదానికి ఆమె హెచ్చరిక సరిగ్గా వర్తిస్తుంది. మాల్‌లో పిల్లల పుస్తకాల అర ముందు నిలబడితే హ్యారీ పోటర్, వింపీ కిడ్, డిస్నీ రాకుమార్తెలు. ప్రపంచం అంటే లండన్, అమెరికా. నాలుగు వందలు పెట్టి కొనే తండ్రికి కూడా ఆశ ఒకటే, పిల్లకు ఇంగ్లీషు వస్తుందని. ప్రపంచ పుస్తకాలకు మద్దతు ఇస్తున్నట్టు కనబడే ఈ వర్గంతోనూ నాకు పేచీ ఉంది. వియత్నాం కథ, కెన్యా కథ, పాలస్తీనా కథ, బెంగాలీ కథ, పక్కనే ఉన్న కన్నడ కథ తెలుగులో చదివితే పిల్ల ప్రపంచం చదివినట్టే. ఇంగ్లీషులో ఒక్క ఇంగ్లండునే చదివితే చదవనట్టే. వలస ఛాయ పోవాలంటే దారి ఇదొక్కటే, ఎక్కువ దేశాలు రావాలి, తెలుగులో రావాలి.

6. తలుపులు మూసిన దేశంలో ఏమైంది

1933 మే 10న జర్మనీలో విద్యార్థులు పుస్తకాలు కుప్పలు పోసి తగలబెట్టారు. పిల్లల రచయిత ఎరిక్ కేస్ట్నర్ తన పుస్తకాలు కాలుతుంటే బెర్లిన్‌లో గుంపులో నిలబడి చూశాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు జర్మన్ పిల్లలకు అందింది జాతి గొప్పతనం, రక్తం, నేల. ముందు మనవే, ఆ తర్వాత కూడా మనవే.

మన సభల్లో ఈ మాటనేవాళ్ళెవరూ నాజీలు కారు. నేను చెప్పేది తలుపు పూర్తిగా మూసేస్తే పిల్లలకు ఏమవుతుందన్న దాని గురించి మాత్రమే. దాన్ని కళ్ళారా చూసిన మనిషి యెల్లా లెప్మాన్. యూదు జాతి జర్మన్ పాత్రికేయురాలు. 1936లో ఇద్దరు పిల్లలతో ఇంగ్లండుకు పారిపోయింది. 1945లో అమెరికా సైన్యం సలహాదారుగా శిథిలాల మధ్యకు తిరిగొచ్చింది. అన్నం లేని, బట్ట లేని, బొగ్గు లేని దేశంలో ఆమె అడిగింది పిల్లల పుస్తకాలు. ఇరవై దేశాలకు ఉత్తరాలు రాసింది, మీ పిల్లలు ఇష్టపడే పుస్తకాలు మా పిల్లలకు పంపండని. జర్మన్ సైన్యం రెండుసార్లు తొక్కేసిన బెల్జియం మొదట కుదరదంది. ఆమె మళ్ళీ రాసింది, బెల్జియం పంపింది. 1946 జూలైలో మ్యూనిక్‌లో, హిట్లర్ తన కళాప్రదర్శనల కోసం కట్టించిన భవనంలోనే ఆ పుస్తకాలు పెట్టారు. 1949లో మ్యూనిక్‌లోనే అంతర్జాతీయ బాలల గ్రంథాలయం మొదలైంది. ఇవాళ అందులో ఆరు లక్షలకు పైగా పుస్తకాలున్నాయి. పిల్లల పుస్తకాలకు అంతర్జాతీయ మండలి ఐబీబీవై ఆమె చొరవతోనే 1953లో ఏర్పడింది.

ఆమెకూ ఇదే అభ్యంతరం ఎదురైంది, ముందు తిండి, తర్వాత పుస్తకాలని. ఆమె ఆ వరసను ఒప్పుకోలేదు. పరాయివాణ్ణి ద్వేషించడం నేర్చుకున్న పిల్లలకు పరాయివాడి పిల్లలు ఎలా నవ్వుతారో, దేనికి భయపడతారో తెలియకపోతే మళ్ళీ యుద్ధమే వస్తుందని ఆమెకు తెలుసు.

మనకు యుద్ధం లేదు, కానీ పరాయి దేశాలు మాత్రం ఇళ్ళలోకే వచ్చేశాయి. రాజంపేట, రాయచోటి వైపు పల్లెల్లో అమ్మ కువైట్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్‌లలో నాన్న దుబాయి పోయి ఏళ్ళు గడిచిన ఇళ్ళు వరసగా ఉన్నాయి. ఆ అమ్మ అక్కడ ఇంకొకరి పిల్లలకు స్నానం చేయిస్తోంది, అన్నం కలిపి పెడుతోంది. ఆ కువైట్ పిల్లలు ఏం ఆడుకుంటారు, పండక్కి ఏం తింటారు, వాళ్ళకు రాత్రి ఏ కథ చెబుతారు? ఇక్కడున్న ఈ పిల్లకు ఒక్క అరబ్బు కథ కూడా మనం ఇవ్వలేదు. ఆమె తల్లి బతుకుతున్న దేశం ఆమెకు వీడియో కాల్‌లో కనబడే గోడ మాత్రమే. ఆ పిల్లకు "ప్రపంచం పెద్దయ్యాక" అని చెప్పడం నా దృష్టిలో అన్యాయం.

7. అనువాదం పేలవం అన్న మాట

కొన్ని పేలవంగానే ఉన్నాయి. అందుకు చేయాల్సింది అనువాదకులకు సరైన పారితోషికం ఇచ్చి, పుస్తకం అట్ట మీద వాళ్ళ పేరు వేసి, పిల్లలకు ఒకసారి చదివి వినిపించాకే అచ్చుకు పంపడం. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావు రష్యన్ నుంచి చేసిన తెలుగు ఇప్పటికీ జనం దాచుకుంటున్నారు. మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు వేసిన పిల్లల అనువాదాలు చదవగలిగేలా ఉన్నాయి. తెలుగు కావ్యం నన్నయ భారతంతో మొదలైందని మన పాఠాల్లోనే చెబుతాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్నదే కదా అది. అలాంటి సాహిత్యానికి వారసులమై అనువాదమంటే రెండో రకమని పిల్లలకు నేర్పడం తగదు.

ఇంకొకటి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు "గాలివాన"కు రెండో బహుమతి వస్తే ఇన్నేళ్ళుగా పొంగిపోతున్నాం. ఆ కథను అక్కడివాళ్ళు అనువాదంలోనే చదివారు.

8. చదవడమే రాని పిల్లల సంగతి

గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సగానికి మించి రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని 2022లోనూ 2024లోనూ పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ నివేదికలు చెప్పాయి. ఇది దేశానికే సిగ్గుచేటు. కానీ దీన్ని ప్రపంచ పుస్తకాలకు వ్యతిరేకంగా ఎలా వాడతారు? చదవడం ఎప్పుడు వస్తుంది? చదవాలనిపించే పుస్తకం చేతికొచ్చినప్పుడు. పేజీకి రెండు వాక్యాలున్న బొమ్మల పుస్తకం ఏ దేశానిదైనా ఆ పిల్లకు తొలి మెట్టే. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఆఫ్రికా నుంచి, ఆసియా నుంచి వచ్చిన బొమ్మల కథలు తెలుగులో స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక సెల్‌ఫోన్ ఉంటే తరగతికి చదివి వినిపించవచ్చు, అచ్చు తీసి గోడకు అంటించవచ్చు. ఇక చదవలేని పిల్లకు కూడా చెవులున్నాయి. వినిపించడానికి అక్షరాలు రావాల్సింది టీచరుకు మాత్రమే.

డబ్బు లేదన్నదీ పూర్తిగా నిజం కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అది గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరేలా నిలదీయడం, అందులో పిల్లల అనువాదాలకు వాటా అడగడం, బడి పుస్తకం చిరిగినా పోయినా టీచరు జీతం ముట్టుకోకూడదని ఉత్తర్వు తెప్పించడం సభల్లో ఉపన్యసించే పెద్దలు చేయగలిగిన పనులు.

ఇరాన్‌లో అజర్‌బైజాన్ పల్లెల్లో మాస్టరుగా పనిచేసిన సమద్ బెహ్రంగీ ఒక చిన్న నల్లచేప కథ రాశాడు. వాగు చివర ఏముందో చూస్తానంటుంది ఆ చేప. లోకమంటే మనం ఉన్న ఇదేనని తల్లి అంటుంది, ఇరుగుపొరుగు చేపలు కోప్పడతాయి. ఆ పుస్తకం 1968లో వచ్చింది, అదే ఏడాది రచయిత నదిలో మునిగి చనిపోయాడు. ఆ కథను ఏ ఊరి నాలుగో తరగతిలోనైనా చదివి వినిపించండి. అర్థం కాలేదనే పిల్ల దొరికితే అప్పుడు మాట్లాడుకుందాం.

నా పక్షం స్పష్టంగా చెబుతాను. ఒకటో తరగతి నుంచే, తెలుగులోనే, వారానికి ఒక్కటైనా వేరే రాష్ట్రపు కథో వేరే దేశపు కథో ప్రతి బడిలో బయటికి చదివి వినిపించాలి. మన కథ పక్కనే అది ఉండాలి, మన కథ తర్వాత కాదు. పుస్తకాల కమిటీలో ఇకమీదట ఎవరైనా "ముందు మనవి" అని గీత కొడితే, పక్కన కూర్చున్నవాళ్ళు తలూపడం మాని అడగాల్సింది ఒకటుంది: ఈ ఏడాది జూన్ నుంచి మన కథలు ఏవి, ఏ తరగతికి, ఏ రోజున చదివి వినిపించారు? రిజిస్టరు తెప్పించండి.